క్లియర్ అనే నేను, సాంచెల వాడలో సుమలత

నేను ఒక ఇంగ్లీషు మాటని. పేరు క్లియర్. మీ నోట్లో రోజుకు పదిసార్లయినా నానుతుంటాను. నా భయం ముందే చెప్పేస్తా: నన్ను వినగానే జనం తలూపేసి, ఇంకేం అడగకుండా ఇంటికి వెళ్ళిపోతారని.

నా పుట్టిల్లు లాటిన్. అక్కడ నన్ను క్లారుస్ అనేవాళ్ళు. అద్దానికీ నీళ్ళకీ వాడే మాటనుకుంటారు గానీ, నేను మొదట చెవి సొత్తుని. పిలుపు, కేక అనే మూలంలోంచి పుట్టానని మాటల పుట్టుకలు వెతికేవాళ్ళు చెప్తారు. దూరానికి కూడా ఖంగున వినబడే గొంతుని నాతో మెచ్చుకునేవాళ్ళు. తర్వాత వెలుగుకి తగిలించారు, ఆకాశానికి తగిలించారు, పేరుమోసిన పెద్దమనుషులకీ తగిలించారు. ఫ్రెంచివాళ్ళు నా తోక కత్తిరించారు. ఇంగ్లీషువాళ్ళు ఇంట్లో పెట్టుకున్నారు. వాళ్ళ వెంట ఈ దేశం వచ్చాక నాకు తీరికే లేదు. రైలుకి లైన్ క్లియర్, ఇంటరు పిల్లాడికి పేపర్ క్లియర్, మైకు ముందు పెద్దాయనకి గొంతు క్లియర్. ఆయన ఉపన్యాసం మాత్రం ఏనాడూ కాలేదనుకోండి!

అలా తిరుగుతూ సిరిసిల్లలో సాంచెల వాడకి చేరాను. సాంచె అంటే అక్కడ మరమగ్గం. పొద్దస్తమానం టకటకలే. అక్కడ గుసగుసలు కూడా కేకలేసి చెప్పుకుంటారు. ఆ వాడలో సుమలత అనే చిన్న వయసు తల్లి ఉంది. తొమ్మిదో తరగతిలో బడి మాన్పించారు. ఆమెకి మైత్రి అని నెలల పాప. ఎంత మోత ఉన్నా ఉయ్యాలలో హాయిగా పడుకునేది.

"సాంచెల ఇండ్లల్ల పుట్టిన పిల్లలు గిట్లనే పంటరు బిడ్డా. నా కొడుకు సుత గురక పెట్టి పండేటోడు," అనేది అత్త బాలవ్వ.

"ఇప్పటికీ గంతే గదా అత్తమ్మా," అనేది సుమలత.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారి ఆగాయి. మోతలో పెరిగిన ఆ వాడ పిల్లలకి నిశ్శబ్దమంటేనే దడుపు. ఇంటింటా ఒకరు లేచి గుక్కపట్టారు. మైత్రి మాత్రం నోట్లో వేలు తియ్యకుండా నిద్రపోయింది.

"చూసినవా, నా మనవరాలు ఎంత బుద్ధిమంతురాలో!" అని బాలవ్వ మురిసిపోయింది. సుమలతకి మాత్రం అనుమానం తగిలింది. మోత ఉందో ఆగిందో ఈ పిల్లకి తెలిస్తే గదా లేచేది.

సాయంత్రమే అత్తని వెంటబెట్టుకుని పాపని వాడలోని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన లైటు వేసి చూసి, "రెండు చెవులూ క్లియర్," అన్నాడు. బాలవ్వ చెప్పులేసుకుంది. నేను భయపడ్డట్టే అయింది. ఇదిగో, ఇక ఇంటికే.

సుమలత కదల్లేదు. "ఇంటుందా లేదా ఎట్ల తెలుస్తది సార్?"

డాక్టరు లైటు కింద పెట్టాడు. "లైటుతోని తెల్వదమ్మా. పెద్ద దవాఖానల మిషన్ మీద పరీక్ష చేస్తరు. ఆలస్యం చెయ్యకు. తొందరగ పట్టుకుంటే మాటలు నేర్పొచ్చు."

ఇన్ని ఊళ్ళు తిరిగాను గానీ, నా తర్వాత ఇంకో ప్రశ్న అడిగిన మనిషిని చూసి ఇంత సంబరపడింది ఎప్పుడూ లేదు.

దారిలో బాలవ్వ, "ఆడపిల్లకు చెవుడని వాడంత చాటుతవా? పుట్టెంటికలు తీసినంక చూద్దాం," అంది.

"పుట్టెంటికలు చెవుల మీదికొచ్చి అడ్డం పడ్డయా అత్తమ్మా?"

బాలవ్వకి నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. సరేననలేదు, వద్దనీ అనలేదు. సుమలత సోమవారం మొదటి బస్సుకి వెళ్దామనుకుంది. కానీ ఆదివారం ఆడపడుచులు వస్తారట, వెళ్ళొద్దని నచ్చజెప్పడానికి.

నేను మాటని. ఎవరైనా పలికితే తప్ప గడప దాటలేను. మీరట్లా కాదు. అటువైపు వెళ్తే బాలవ్వ కోడలి ఇల్లెక్కడని అడగండి. సుమలత పాపనెత్తుకుని బస్సెక్కిందో లేదో, ఒక్కసారి కనుక్కోరూ?