అనామకుల పళ్లెము

శ్రావణ శుద్ధైకాదశినాఁటి సాయంసమయము. పగలెల్లఁ గురిసి యలసిన మేఘములు హనోయి నగరముపైఁ దడిసిన కంబళ్లవలె వ్రేలాడుచుండెను. పాతపేటలోని యిఱుకువీథుల కిరువంకల సన్నముగా నిలువునఁ బెరిగిన యిండ్ల చూరులనుండి జాఱిన నీటిబొట్లు క్రిందఁ బోవువారి గొడుగులపైఁ బడి టపటప మ్రోగుచుండెను. మోటారుసైకిళ్లు చేఁపలగుంపులవలె నొండొంటిని దప్పించుకొనుచుఁ బ్రవహించుచుండఁగా గడపగడపకు వెలిఁగించిన యగరువత్తుల పొగ చెమ్మగాలి బరువునకు మీఁది కెగయలేక మోకాళ్లయెత్తున వీథి వెంబడిఁ బ్రాఁకుచుండెను. ఆ పొగలో నడచువారికిఁ దమ పాదములు తమకుఁ గనఁబడకుండెను.

అట్టి వీథిలోఁ బిఠాపురమునుండి వచ్చిన భీమశంకరము భార్యయగు హైమవతితోఁ గూడి మెల్లమెల్లగ నడచుచుండెను. సర్వేశాఖలో ముప్పదియైదేండ్లు గొలుసు పట్టి పొలములు కొలిచిన యతఁడు సంధ్య వార్చి గాని యన్నము ముట్టని గృహస్థుఁడు. ఉద్యోగమునుండి విశ్రాంతి దొరకిన పిదప నొక్కసారియైన విదేశము చూపుమని భార్య యడుగఁగా నడుగఁగా నీ వియత్నాము విహారమున కొప్పుకొనెను. నగరములు చూతము పల్లెలు చూతము గాని సముద్రతీరము మాత్రము వలదని యొక్కటే నియమము పెట్టెను. కారణము హైమవతి యడుగలేదు. ఆమె యెఱుఁగును.

పదునొకండేండ్ల క్రిందట నొక కార్తికమాసమున భీమశంకరము తమ్ముఁడు చిదంబరము ఇంజనీరుగాఁ బనిచేయుచున్న సరకుల యోడ యీ దేశపు తీరమునకుఁ దూర్పునఁ దుపానులోఁ జిక్కి మునిఁగెను. కొందఱి దేహములు దొరకెను. చిదంబరముది దొరకలేదు. సంతానము లేని యతని భార్య త్రిపుర బావగారి యింటనే యుండి నేఁటికిని నుదుటఁ గుంకుమ దిద్దుకొనుచు, జాడ తెలియనివానికిఁ బండ్రెండేండ్లు వేచిన పిమ్మటఁ గాని కర్మ చేయరాదని పురోహితుఁడు చెప్పిన మాటను గొండంత యండగాఁ బట్టుకొని యుండెను. ఆ గడువున కింక నొక్క యేఁడు మిగిలెను. ఊరూరినుండి జనులు పితరులకుఁ బిండములు పెట్టుటకై వచ్చు పాదగయాక్షేత్రమగు పిఠాపురమునఁ బుట్టి పెరిగియు భీమశంకరము సొంత తమ్మునికై నువ్వులతో నొక్క నీటిచుక్క విడువలేదు. శాస్త్రము పండ్రెండేండ్లు గడువిచ్చినది బ్రతికియుండునను నాశచేతనా లేక చచ్చెనని చెప్పవలసినవాని నోటిపై జాలిచేతనా యని యతఁ డప్పుడప్పుడు తనలోఁ దానే ప్రశ్నించుకొనుచుండెను.

ఏకాదశి కావున నా దినమతఁడు పండ్లు దప్ప మఱేమియుఁ దినలేదు. ఒక బట్టలకొట్టు ముంగిటఁ గాలిబాటపైఁ బీఁట వేసి యెవరో పళ్లెము నిండఁ జెఱకుముక్కలు నరఁటిపండ్లు పేలాలు పెట్టి, చుట్టును జిన్నచిన్న గిన్నెలలోఁ బలుచని గంజి పోసియుంచిరి. మూఁడగరువత్తులు సగము కాలియుండెను. శ్రీరామనవమినాఁడు వీథిలోఁ బానకము వడపప్పు పెట్టి వచ్చిపోవువారికెల్లఁ బంచు నూరివాఁడగుటచే భీమశంకరమున కేసందేహమును గలుగలేదు.

"ఇక్కడా శ్రావణమాసం నోములే కాబోలు. ప్రసాదం పెట్టారు, చూశావుటే?"

"చెప్పులు కాళ్లనుంచుకుని ప్రసాదం తింటారా? ముప్పయ్యేళ్లు నాకు మడీ ఆచారం నేర్పిన మహానుభావులు!" అని హైమవతి చెప్పులు విడుచుటకై వంగెను. ఆమె లేచునంతలో నతఁడు చెఱకుముక్కయుఁ బిడికెఁడు పేలాలును గన్నుల కద్దుకొని నోట వేసికొని నమలుచుండెను.

కొట్టులోనుండి వెలికివచ్చిన ముసలామె కేక వేయలేదు. కోపింపలేదు. ఆమె భీమశంకరము ముఖమునైనఁ జూడక యతని కుడిభుజము వెనుక నెవ్వరును లేనిచోట దృష్టి నిలిపి యొకింతసేపు నిలుచుండి లోనికిఁ బోయి యినుపతలుపు సగము దించెను. వారికి దారి చూపుచు వెంట వచ్చుచున్న లాన్ యను స్త్రీ ముప్పదేండ్లది, నెమ్మదిగలది, వచ్చీరాని యింగ్లీషులో నిట్లు చెప్పెను.

"అది దేవుడికి పెట్టింది కాదండీ. ఈ నెల్లో పైలోకం తలుపులు తెరుస్తారని మా నమ్మకం. పెట్టేవాళ్లు లేనివాళ్లకి పెడతాం. రోడ్డుమీద పోయినవాళ్లు, యుద్ధంలో పోయినవాళ్లు, నీళ్లలో పోయినవాళ్లు. అగరొత్తులు ఆరిపోయాక ఎవరు తీసుకున్నా పరవాలేదు. ఆరకముందు తింటే..."

"తింటే?"

"మా అమ్మమ్మ అనేది లెండి. ఎవరి వాటా తిన్నారో వాళ్లు ఆ మనిషి వెంటే భోజనానికొస్తారట." లాన్ నవ్వెను గాని యా నవ్వు పెదవులు దాఁటి కన్నులవఱకుఁ బోలేదు.

మఱునాఁడు వారు నగరము విడిచి దక్షిణమున నున్న పల్లెపట్టునకుఁ బోయిరి. పచ్చని వరిచేల నడుమ నాకాశము నంటు సున్నపుఱాతి కొండలు, ఆ కొండల పాదములను దొలిచికొని పాఱు నేఱు, ఏటిపైఁ బాదములతోఁ దెడ్లు త్రొక్కుచుఁ బడవలు నడపు స్త్రీలు. కోనసీమలోఁ బొలములు కొలిచిన భీమశంకరమున కా పైరు చూచినతోడనే ప్రాణము లేచివచ్చినట్లయ్యెను. అయినను బడవ నడపు స్త్రీ వారిద్దఱు కూర్చున్న పిదప నంచు వైపు చూచి నొసలు ముడిచి లాన్‌తో నేదియో యనెను. పడవ నీటిలో నుండవలసినదానికంటె లోఁతుగా దిగియుండెను. ఆమె యేమనెనని యడుగఁగా లాన్ "ఏం లేదండీ, ఏటిలో నీళ్లెక్కువన్నది" అనెను. కొండగుహలోఁ బడవ దూఱినంత వెలుఁగు పోయి పైకప్పు తలలకుఁ దగులునంత దిగువకు వచ్చెను. ఆ చీఁకటిలో భీమశంకరమునకు భరింపరాని యాఁకలి పుట్టెను.

నాఁటినుండి యా యాఁకలి తీఱలేదు. పండ్లు తినెను. హైమవతి తెచ్చిన చేగోడీలన్నియుఁ దినెను. తెల్లనియన్నము పొడితోఁ గలిపి మూఁడుమాఱులు వడ్డింపించుకొని తినెను. ముఖము మాత్రము లంఖణము చేసినవానివలెఁ బీల్చుకొనిపోవుచుండెను. ఆ పల్లెలో బసయిచ్చిన యింటి యిల్లాలు రెండవ దినమున మధ్యాహ్నభోజనమునకు మూఁడు గిన్నెలు పెట్టెను. లాన్ వంటయింటిలోఁ దినుచున్నది కదా యని హైమవతి వ్రేళ్లతో నిద్దఱమే యని చూపఁగా నా యిల్లాలు తడఁబడి, తమతో వచ్చినవారు నూతికడఁ జేతులు కడుగుకొనుచున్నారనుకొంటినని లాన్‌చేతఁ జెప్పించెను.

హైమవతి చేతిలోని ముద్ద చేతిలోనే నిలిచిపోయెను.

"పొద్దుటినుంచి పన్నెండు అరటిపళ్లు. కడుపా అది, నుయ్యా?" అని యామె హాస్యమాడఁబోయెను.

"నేను నములుతున్నానే కానీ నాకు అందటం లేదే, హైమా" అని భీమశంకరము మెల్లగ ననెను.

మూఁడవ గిన్నెయు నతని ముఖమును జూచిన లాన్ వంటయింటి గడప దాఁటి వచ్చి యటునిటు చూచి తనకుఁ దెలిసిన దారి చెప్పెను. వియత్నాము నడిమితీరమునఁ దన తల్లి పుట్టిన జాలరిపల్లె కలదు. అక్కడ లాక్ యను తన మేనమామ పెట్టువారు లేనివారి కేఁటేఁటఁ బూర్ణిమనాఁడు భోజనము పెట్టును. తిన్న వాటాను మరల వారికే పెట్టినచో నంతటితో సరియగునని పెద్దలందురు.

"సముద్రమా? వద్దు" అనెను భీమశంకరము.

"మీ నియమం మీరు పెట్టుకున్నారు. మీవెంట వచ్చేవాడికి తెలుసా అది? లేవండి" అని హైమవతి పెట్టె సర్దుటకు లేచెను.

పూర్ణిమనాఁటి యపరాహ్ణమున వారా పల్లె చేరిరి. సముద్రము సీసపు పలకవలె నలలు లేక పరుండియుండెను. సరుగుడుతోపు వెనుక నిసుకలోఁ బందొమ్మిది మట్టిదిబ్బలు సున్నము పూసి వరుసగా నుండెను. ఒక్కదానిపైనను బేరు లేదు. డెబ్బదేండ్ల లాక్ బక్కపలుచని మనిషి. ఉప్పుగాలికి నల్లఁబడిన తోలు, రెండు ముందుపండ్లు లేని నవ్వు. అతఁడతిథులను జూచి "పెట్టడానికొచ్చారా, తినడానికొచ్చారా?" అని లాన్‌ద్వారా నడిగి తన హాస్యమునకుఁ దానే నవ్వి చాప పఱచెను. ఆ పల్లె యాచారము విచిత్రమైనది. కడలి తెచ్చిన దేహము నెవఁడు మొదట నొడ్డునకు లాగునో వాఁడే దానికి బంధువగును. మైల పట్టును. ఏఁటేఁట నన్నము పెట్టును. ఆ బాధ్యతకు వెఱచి శవము నలలకు వదలి తిరిగిపోయినవాఁడు పల్లెలో లేఁడు.

లాక్ వంతునకు మూఁడు దిబ్బలు వచ్చెను. వానిలోఁ గడపటిదాని ముందు పళ్లెము పెట్టుచు నతఁడిట్లనెను.

"వీడు పరదేశి. పదకొండేళ్లయింది. పెద్ద తుపాను వెళ్లిన తొమ్మిదోనాడు నా వలకి తగిలాడు. మొహం చేపలు ఉంచలేదు. భుజంమీదనుంచి ఇలా దారం ఉంది." అతని వ్రేలు తన యెడమభుజమునుండి ఱొమ్ముమీఁదుగాఁ గుడినడుమువఱకు నొక గీఁత గీచెను. "రెండు పేటలు, ముళ్లు వేసి ఉన్నాయి. వలతాడేమో అని కోయబోయాను. నూలు. ఎవరో శ్రద్ధగా వేసిన ముడి, మనమెందుకు తెంపాలని అలాగే పూడ్చాను."

భీమశంకరము చేయి తనకుఁ దెలియకయే చొక్కాలోనికిఁ బోయి తన జందెమును బట్టుకొనెను. హైమవతి భర్త చేయి లాగి రహస్యముగాఁ బలికెను.

"సముద్రంమీద జందెం వేసుకున్నవాడు చిదంబరం ఒక్కడేనా? ఎవరైనా అయుండచ్చు. మీరు కళ్లారా చూశారా? ఇంకో ఏడాది ఉంది కదండీ. త్రిపుర మొహం చూసి ఏం చెప్తారు?"

ఆ మాటలో న్యాయము లేకపోలేదు. రుజువేది? ఒక దారము. తొమ్మిదినాళ్ల లెక్క. సర్వేరాయి కనఁబడనిదే హద్దు నిర్ణయింపని యధికారి యొక నూలుపోగును జూచి సొంత తమ్ముని మరణమును నిర్ణయింపవచ్చునా? అతఁడట్లు తర్కించుచుండఁగా లాక్ దగ్గఱకు వచ్చి యతని ముఖమును బరిశీలించి తగ్గుస్వరమున నడిగెను.

"మీవాడా? అయితే పేరు చెప్పండి. నాకు తెలీక ఓయ్ చుట్టమా అని పిలుస్తున్నాను ఇన్నేళ్లూ. పేరు పెట్టి పిలవకపోతే వాళ్లు దూరంగా నిలబడి చూస్తారే కానీ పళ్లెం దగ్గరికి రారంటారు. ఎవరైనా తింటుంటే వాళ్ల వెనకాల నిలబడతారంట."

భీమశంకరము చొక్కా విప్పెను. జందెమును గుడిభుజముపైకి మార్చుకొని దక్షిణముఖుఁడై దిబ్బముందు మోకాలూనెను. లాన్ పళ్లెములోని నువ్వుల మిఠాయినుండి నాలుగు గింజలు రాల్చి యిచ్చెను. దోసిట నీరు పోసికొని కౌండిన్యసగోత్రమని చెప్పినవఱకు మాట సాగెను. పేరుకడ నాలుక యాఁగిపోయెను. ఆ పేరు తన నోటినుండి వెలువడిన క్షణమున నొక యింటిలో నొక స్త్రీ పదునొకండేండ్లు కాపాడుకొన్న కుంకుమ యతని మాటచేతఁ జెఱిఁగిపోవును. వెలువడనిచో నొకఁడన్నము చూచుచు నిలుచుండును. వ్రేళ్లసందున నీరు కాఱిపోవుచుండెను. గాలి లేని యా తీరమున సరుగుడాకు లొక్కసారి గలగలలాడి మరల నూరకుండెను.

అతఁడు పేరు చెప్పెను.

బొటనవ్రేలికిఁ జూపుడువ్రేలికిని నడుమనుండి నీరు జాఱి యిసుకపైఁ బడెను. ఇసుక యా నీటిని దడిగుర్తైన మిగులనీయక త్రాగెను. రెండవమాఱు విడిచెను. త్రాగెను. మూఁడవమాఱు విడిచిన నీరు మాత్రము క్షణకాలము మెఱయుచు నిలిచి పిదప మెల్లగ నింకెను. భీమశంకరము పదునొకండేండ్లకుఁ జిన్నపిల్లవానివలె వెక్కివెక్కి యేడ్చెను. గుహలోఁ బుట్టిన యాఁకలి యప్పుడు తొలిసారిగా నణఁగెను.

"త్రిపురకి ఫోన్లో చెప్పను" అని యతఁడు లేచుచు భార్యతో ననెను. "ఇంటికెళ్లి ఎదురుగా కూచుని చెప్తాను. దారం సంగతీ చెప్తాను, నా అనుమానమూ చెప్తాను. బొట్టు తియ్యమని మాత్రం నేననను. అది ఆవిడిష్టం. శాస్త్రం నన్ను కర్తని చేసింది కానీ ఆవిడ నుదుటికి కాదు."

హైమవతి తన కొంగుతో నతని ముఖము తుడిచెను.

లాక్ క్రొత్తగా విన్న పేరును ముందుపండ్లు లేని నోటితో రెండుమూఁడుమాఱులు పలికి నేర్చుకొని పళ్లెము నా దిబ్బకు మఱింత చేరువగా జరిపెను. చచ్చినవానికి రాజ్యములక్కఱలేదు, తనను బిలుచు నోరొక్కటి చాలును. బ్రతికినవాఁడు భయపడి యా నోటిని మూసికొన్నచో నా ఋణ మన్నము తిన్నను దీఱదు. అయినను వారు వెడలుటకై వెనుదిరుగఁగా సంజవెలుఁగున సున్నపుదిబ్బలు మునుపటికంటెఁ దెల్లనై కనఁబడెను. ఒకదానికిఁ బేరు దొరకినది. తక్కిన పదునెనిమిదియు, సముద్రమువైపున నుండవలసిన మొగములు త్రిప్పి, పేరు తెలిసిన యా మనుష్యుఁడు దాఁటిపోవు దారివైపే చూచుచున్నట్లుండెను.