సంచీ లేని జడ్జిగారు

అత్తగారిని చేతిలో ప్లాస్టిక్ సంచీ లేకుండా చూసి ఏడాది దాటింది. బజారుకు వెళ్తే సరే, సంచీ ఉండాలి. పక్కింటికి కబుర్లకు వెళ్ళినా సంచీయే, పళ్ళ డాక్టరు దగ్గరికీ సంచీయే. పోనీ అందులో ఏమైనా ఉంటుందా అంటే ఇంకో ప్లాస్టిక్ సంచీ ఉంటుంది. కూర్చునేముందు ఒకసారి, లేచేముందు ఒకసారి ఆవిడ దాన్ని బరబరా నలిపి, "ఎక్కడ పెట్టానో ఏమో" అంటూ ఏదో వెతుక్కుంటున్నట్టు మొహం పెట్టేది.

కోడలు చూసి చూసి ఒక మంచి గుడ్డసంచీ కొనిచ్చింది. అత్తగారు దాన్ని మర్నాడే పక్కింటావిడ చేతిలో పెట్టేసింది. ఇంకోటి కొనిచ్చింది.

"మరీ మెత్తగా ఉందే అమ్మాయ్. నాకు నప్పదు."

"సంచీ మెత్తగా ఉంటే నష్టమేమిటత్తయ్యా?"

"నీకు తెలీదులే."

పెద్దవాళ్ళ చాదస్తం అనుకుని కోడలు ఊరుకుంది. లోకంలో ఎవరు ఊరుకున్నా ఆమె ఊరుకోకూడదు. ఎందుకంటే ఆమె పనిచేసేది పెద్దవాళ్ళు చెడ్డీలా తొడుక్కునే డైపర్లు తయారుచేసే కంపెనీలో, అందులోనూ డిజైన్ సెక్షన్లో. ఆ ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే అత్తగారు "బట్టల కంపెనీ" అని చెప్పి వెంటనే ఎండల సంగతి ఎత్తుకునేది.

కంపెనీలో పరీక్షల గది ఒకటుంది. అందులో బల్ల మీద నడుము నుంచి మోకాళ్ళ దాకా మాత్రమే ఉన్న ప్లాస్టిక్ బొమ్మ ఉంటుంది. దానికి ఎవరు పెట్టారో గానీ "చిన్నాన్న" అని పేరు. కొత్త డైపరు ఏది తయారైనా ముందు చిన్నాన్నకి తొడగాలి. లోపలి గొట్టంలోంచి నీలం రంగు కలిపిన ఉప్పునీళ్ళు వదిలి, ఎంత పీల్చిందో, ఎంత కారిందో తూకం వేసి చూడాలి. చిన్నాన్న నిలబడ్డచోటే నిలబడి ఉంటాడు. కదలడు, మెదలడు, కిక్కురుమనడు. ఆయన లెక్కన కంపెనీ సరుకుని మించిన సరుకు భూమ్మీద లేదు. వాడినవాళ్ళకి ఫోన్ చేసి అడిగినా అందరిదీ ఒకటే మాట, "చాలా బాగుందండీ." అలా అన్నవాళ్ళలో రెండో ప్యాకెట్ కొన్న పాపాన పోయినవాళ్ళు మాత్రం తక్కువ.

"ఇంకా పీల్చాలి. లోపల తడి పీల్చే గింజలు పెంచండి," అన్నాడు మేనేజరు.

పెంచారు. డైపరు దిండులా తయారైంది. చిన్నాన్నకి మళ్ళీ ఫస్టు మార్కులే. అమ్మకాలు మాత్రం ఉన్నచోటే కూర్చున్నాయి.

ఇలా ఉండగా అత్తగారికి జడ్జి వేషం వచ్చింది.

పేటలో పెద్దవాళ్ళందరూ కలిసి హాల్లో ఒక నాటకం వెయ్యాలనుకున్నారు. సందు చివర మందుల షాపాయన దర్శకుడు. లాయరు వేషం కూడా ఎవరికీ ఇవ్వకుండా తనే ఉంచుకున్నాడు. ఆయన వస్తున్నాడంటే ముందు ఆయన నడుముకి వేలాడే తాళాలగుత్తి గలగలమంటూ వచ్చేది, ఆ వెనకే ఆయన. ఇక అత్తగారి సంగతి చెప్పాలంటే, లెక్కల టీచరుగా చేసినన్నాళ్ళూ బడి నాటకాల్లో తెర వెనక నిలబడి పిల్లలకి మాటలు అందించింది గానీ, ఒక్కసారి కూడా తెర ముందుకి వచ్చిన మనిషి కాదు. డెబ్భై దాటాక ఇప్పుడు ఏకంగా జడ్జి! ఇంట్లో గరిటె పట్టుకుంటే చాలు, గట్టు మీద ఠంగుమని కొట్టి "నిశ్శబ్దం!" అనేది.

"కూరలో ఉప్పు సరిపోయిందా అమ్మా అంటే తీర్పు రేపటికి వాయిదా వేసింది," అని కొడుకు తన భార్య దగ్గర మొరపెట్టుకున్నాడు.

నాటకానికి ప్రాణమంతా చివర్లో ఉంది. కోర్టంతా ఊపిరి బిగబట్టి చూస్తుండగా జడ్జి మెల్లగా కుర్చీలోంచి లేచి, ముందుకి నడిచొచ్చి, తీర్పు చెప్పాలి. ఆ కాసేపూ సూది పడితే వినపడాలని మందుల షాపాయన పట్టు.

ఒక సాయంత్రం కోడలు ఆఫీసు నుంచి వస్తూ అత్తగారిని వెంటబెట్టుకుని వద్దామని హాలుకి వెళ్ళింది. సరిగ్గా ఆ చివరి ఘట్టమే నడుస్తోంది.

"టీచరుగారూ, ఆ సంచీ పక్కన పెట్టండి. జడ్జిగారు బెంచీ దిగి కూరగాయలకి బయల్దేరినట్టుంది," అన్నాడు మందుల షాపాయన.

"ఉంటే నీకేం అడ్డమయ్యా?"

"నాకేం అడ్డం లేదు. న్యాయానికి అడ్డం."

అందరూ నవ్వారు. అత్తగారు సంచీని పక్కన పెట్టింది. పెట్టి, లేచింది.

గరగర.

"ఎవరయ్యా అది చిప్స్ ప్యాకెట్ విప్పింది? స్టేజీ మీద తిండి పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?" అని ఆయన తాళాలగుత్తి ఝాడించాడు.

మళ్ళీ నవ్వులు. అత్తగారు నవ్వలేదు. మెల్లగా కూర్చుంది. కూర్చున్నప్పుడు ఇంకోసారి గరగర. మరి లేవలేదు. "మోకాళ్ళు పట్టేశాయి, ఇవాళ్టికి వదిలెయ్యండి" అంది.

మోకాళ్ళు కటకటమంటాయి గానీ గరగరలాడవు. ఆ చప్పుడు కోడలికి కొత్త కాదు, పొద్దస్తమానం వింటున్నదే. డైపరు పైన వేసే ప్లాస్టిక్ పొర నలిగితే వచ్చే చప్పుడది. అంతేనా, రెండోసారి విన్నాక ఇంకో సంగతి కూడా తెలిసిపోయింది. అది తమ కంపెనీది కూడా కాదు. తమది కాస్త బొంగురుగా పలుకుతుంది. ఇది పోటీ కంపెనీ సరుకు!

దారిలో ముందు కోపం వచ్చింది. ఇంట్లో మనిషి తయారుచేస్తుంటే పరాయివాళ్ళవి కొనుక్కుంటుందా? పక్కన అత్తగారు సంచీని గుండెకి హత్తుకుని నడుస్తోంది. వీధి మలుపు తిరిగేసరికి కోడలికి తను కొనిచ్చిన గుడ్డసంచీలు గుర్తొచ్చాయి. మెత్తటివి, చూడముచ్చటైనవి, చప్పుడు చెయ్యనివి. కోపం ఎటు పోయిందో పోయింది.

"వేషం మానేస్తున్నా. ఇంకెవరినైనా చూసుకోమని ఆయనకి చెప్పు," అంది అత్తగారు గుమ్మంలోకి రాగానే. గరిటె ఆ పూట గట్టు మీద మోగలేదు.

మర్నాడు సెలవు. డాబా మీద ఆరిన బట్టలు ఇద్దరూ మడతపెడుతున్నారు. కోడలు ఆఫీసు నుంచి తెచ్చిన డైపరు ఒకటి దుప్పటి పక్కన పెట్టింది. అత్తగారు దాన్ని పాముని చూసినట్టు చూసి మొహం తిప్పుకుంది.

"అత్తయ్యా, నా ఉద్యోగానికి మీరో సాయం చెయ్యాలి. దీన్ని చూసి ఎవరూ నిజం చెప్పట్లేదు. అందరూ బాగుంది, బాగుంది అంటారు. వంకలు పెట్టే మనిషి కావాలి నాకు. ఎంత వెతికినా మిమ్మల్ని మించినవాళ్ళు కనపడలేదు."

"పొగుడుతున్నావా, తిడుతున్నావా?"

"రెండూ."

అత్తగారు దుప్పటి మడత పూర్తిచేసింది. అటూ ఇటూ చూసింది. డైపరు తీసుకుని నలిపింది. చెవి దగ్గర పెట్టుకుంది.

"నేనేం వాడి చెప్పట్లేదు. చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది, అంతే."

"అంతేగా మరి."

"మొదటిది, ఇది నోరున్న గుడ్డ. వేసుకున్న మనిషి కంటే ముందు ఇదే మాట్లాడుతుంది. రెండోది, నడుం దగ్గర ఈ ఎలాస్టిక్కు మనిషిని రెండు ముక్కలు చేసేటట్టుంది. మూడోది, ఇంత దూదీ ముందు వైపే కుక్కారేం? కూర్చుంటే తడి వెనక్కి పోతుంది. కూర్చున్న బరువుకి పీల్చిందంతా మళ్ళీ పైకి కక్కుతుంది. మీ వాళ్ళెవరూ కూర్చుని చూడరా?"

"చిన్నాన్న కూర్చోడు. నిలబడే ఉంటాడు."

"ఎవరా చిన్నాన్న?"

కోడలు చెప్పింది. నడుము పైన ఏమీ లేదని కూడా చెప్పింది.

"అంటే చెవుల్లేవన్నమాట," అంది అత్తగారు. "చెవుల్లేనివాడు పరీక్ష పెడితే మార్కులు ఇలాగే వస్తాయి."

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వు సద్దుమణిగాక కోడలు ఉండబట్టలేక అడిగేసింది.

"మరి మావే ఎందుకు కొనలేదు?"

అత్తగారు తలెత్తకుండా కొడుకు చొక్కాకి బొత్తాలు పెడుతూ కూర్చుంది. తర్వాత మెల్లగా అంది, "మీవి కొంటే నీకు తెలిసిపోదూ?"

"ఎలా తెలుస్తుంది?"

"అమ్మకాలు పెరుగుతాయిగా."

కోడలు పొట్ట పట్టుకుని దుప్పట్ల మీద కూలబడింది.

ఆఫీసులో పని అంత తేలిగ్గా సాగలేదు. పైపొర మార్చాలంటే మేనేజరు ఒప్పుకోడు. "చప్పుడు కొలిచే మెషీన్ మన దగ్గర లేదు. లేని మెషీన్‌కి నేనేం జవాబు చెప్పాలి?" అన్నాడు.

"మెషీన్ ఎందుకండీ? మీరే తొడుక్కుని పై ఆఫీసర్ల మీటింగులో కూర్చోండి."

పౌరుషానికి పోయి కూర్చున్నాడు. ఆ మీటింగులో ఆయన బోర్డు మీద బొమ్మ గీయడానికి లేవలేదు, పడిపోయిన పెన్ను తీసుకోవడానికి వంగలేదు, టీ కూడా కూర్చున్నచోటికే తెప్పించుకున్నాడు. అందరూ వెళ్ళిపోయాక లేచి, నడుము రుద్దుకుంటూ తిన్నగా డిజైన్ సెక్షన్‌కి వచ్చి, "మార్చండి" అన్నాడు.

ప్లాస్టిక్ పొర పల్చబడి లోపలికి పోయింది. దాని పైకి మెత్తటి గుడ్డలాంటి పొర వచ్చింది. లావుపాటి ఎలాస్టిక్ పట్టీ పోయి సన్నటి దారాల్లాంటి ఎలాస్టిక్ వచ్చింది. పీల్చే గింజలు ముందు నుంచి వెనక దాకా సర్దుకున్నాయి. తడి ఒక్కచోటే నిలవకుండా పారడానికి మధ్యలో సన్నటి కాలవలు పెట్టారు. చిన్నాన్నని కూడా కుర్చీలో కూర్చోబెట్టినట్టు వంచి, మీద ఇసుక మూట పెట్టారు. పాపం, మొదటిసారి ఆయనకి మార్కులు తగ్గాయి. మళ్ళీ దిద్దారు.

ఒక్కో నమూనా ఇంటికొచ్చేది. అత్తగారు గదిలోకి వెళ్ళి తొడుక్కుని వరండాలో నడిచేది. కోడలు కళ్ళు మూసుకుని, గోడ వైపు తిరిగి వినేది.

"వినపడిందా?"

"లేదు."

"మొహమాటం వద్దు. నేను నీ మేనేజర్ని కాను."

"కొంచెం."

"అదీ. తీసుకుపో, మళ్ళీ చెయ్యి."

పేపరు చదువుకుంటున్న కొడుకు తలెత్తి, "ఏం చేస్తున్నారు మీరిద్దరూ?" అన్నాడు.

"నిశ్శబ్దం!" అంది అత్తగారు. అలా అని తనే నవ్వేసింది. జడ్జి తిరిగొచ్చిందని కోడలికి అప్పుడే తెలిసిపోయింది.

నాటకం రోజు హాలు నిండిపోయింది. అత్తగారు నల్లకోటు వేసుకుని, వట్టి చేతులతో స్టేజీ మీదికి వచ్చింది.

"అమ్మ సంచీ మర్చిపోయిందే!" అని కొడుకు కంగారుపడి లేవబోయాడు. కోడలు అతని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

అంతా సజావుగానే సాగింది. చివరికి లాయరు వంతు వచ్చింది. మందుల షాపాయన నల్లకోటు సవరించుకుని జడ్జి వైపు బయల్దేరాడు. కోటు కింద వేలాడితే బాగుండదని తాళాలగుత్తి తీసి లోపల పెట్టి వచ్చినట్టున్నాడు. ఎంతోకాలానికి ఆయన తాళాల్లేకుండా నడవడం అదే మొదలు.

గరగర.

ఆయన ఆగాడు. చప్పుడూ ఆగింది. ఇంకో అడుగు వేశాడు. గరగర. బొంగురుగా. కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇది తమ కంపెనీదే, పాత రకం! ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మందుల షాపాయన మొహంలో రక్తపు చుక్క లేదు. అక్కడే, స్టేజీ నడిమధ్యన, మైలురాయిలా నిలబడిపోయాడు.

జడ్జిగారు ఆయన్ని కళ్ళజోడు మీదుగా చూసింది. చూసి, బల్ల మీది కాగితాల కట్ట రెండు చేతుల్తో తీసి బరబరా తిరగేసింది.

"కానివ్వండి లాయరుగారూ," అంది, నాటకంలో ఎక్కడా లేని మాట. "మీరు నడుస్తూ వాదించండి. నేను వింటూ ఈ కాగితాలు చూసుకుంటాను. కోర్టన్నాక కాగితాల చప్పుడు తప్పదు. దానికి నవ్వేవాళ్ళుంటే బయటికి పంపిస్తాను."

ముందు వరస నోరు మూసుకుంది. ఆయన వాదించినంతసేపూ, అటు నడిచినా ఇటు నడిచినా, ఆవిడ చేతులు కాగితాలు తిప్పుతూనే ఉన్నాయి. ఆయన వెళ్ళి కూర్చున్నాకే ఆగాయి.

అప్పుడు జడ్జిగారు లేచింది. కుర్చీ నుంచి స్టేజీ అంచు దాకా నడిచొచ్చింది. హాలులో సూది పడలేదు గానీ, పడి ఉంటే అందరికీ వినపడేది. తీర్పు ఏమిటో కోడలి చెవికి ఎక్కనే లేదు. ఆమె కళ్ళు మూసుకుని ఆ నడకని వింటూ ఉండిపోయింది.

ఆట అయ్యాక అత్తగారు కోటు విప్పకుండానే కోడలి దగ్గరికొచ్చి చెవిలో అంది, "అమ్మాయ్, మొన్న నువ్వు తెచ్చిన రకం ఇంకో ప్యాకెట్ కావాలి. మగవాళ్ళ సైజు. నడుం పెద్దది."

"ఎవరికత్తయ్యా?"

అవతల మందుల షాపాయన అందరి చేతా శాలువాలా మెప్పులు కప్పించుకుంటూ, కుర్చీలోంచి మాత్రం లేవకుండా, తాళాలగుత్తి ఎక్కడుందా అని కళ్ళతో వెతుక్కుంటున్నాడు.

"మీ చిన్నాన్నకి అనుకో," అంది అత్తగారు. "ఇంట్లో నా పాత సంచీ ఉందిగా, అందులో పెట్టి ఇస్తాను. చూసేవాళ్ళు కూరగాయలనుకుంటారు."