వానలో పోయిన ఓవర్లు

వాన వచ్చినప్పుడల్లా ఓల్వెన్ చేసే పని ఒకటే. థార్న్‌బీ మైదానంలో గడియారం కింది బెంచీ మీద కూర్చుని, మోకాళ్ళ మీద దుప్పటి సర్దుకుని, ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటూ, అంపైర్లు ఎన్ని ఓవర్లు కోస్తారా అని చూస్తుంది. కోత ఎంతో తేలగానే గొడుగు మూసి ఒక్క దులుపు దులుపుతుంది. పోయిన ఓవర్లు ఆమె ఒళ్ళోకి రాలతాయి, ఆరేసి గింజల ద్రాక్షగుత్తుల్లా. వానలోంచి వచ్చినవే అయినా పొడిగా, కాస్త వెచ్చగా ఉంటాయి. వాటిని ఏరి పాత బిస్కెట్ల డబ్బాలో వేసుకుంటుంది.

"ఇవాళ ఎన్నొచ్చాయి?" అని అటుగా పోయేవాళ్ళు అడుగుతారు, పెరట్లో చిక్కుళ్ళు ఎలా కాశాయని అడిగినట్టే. అవసరం పడితే ఒకటి పట్టుకుపోతారు కూడా. ఓవరును గుప్పిట్లో నలిపితే, ఒక ఓవరు వెయ్యడానికి పట్టేంత సేపూ కాలం ఆగుతుంది. కదలబోయే బస్సు కదలదు. పొయ్యిలో కేకు మాడదు.

బెంచీకి ఆ చివర వాల్టర్, ఈ చివర అతని తమ్ముడు నెవిల్. మధ్యలో ఓల్వెన్. అన్నదమ్ములిద్దరూ ఒకే బస్సులో వస్తారు, ఒకడు ముందు సీట్లో, ఒకడు వెనక సీట్లో. ఒకే కౌంటీ జట్టు కోసం గొంతు చించుకుంటారు. మాట మాత్రం ఓల్వెన్ మీదుగానే.

"ఓల్వెన్, ఆ పెద్దమనిషికి చెప్పు," అన్నాడు నెవిల్ ఆ శనివారం, సముద్రం మీది మబ్బు చూసి. "ఇలాంటి రోజు టాస్ గెలిస్తే ముందు బౌలింగ్ తీసుకోవాలి. ఎన్ని కొట్టాలో తెలిసి ఆడటం మేలు."

"ఆ చిన్నమనిషికి చెప్పు, వికెట్లు పారేసుకుంటే ఏ ఎండలో ఆడినా ఒకటే. చేతిలో వికెట్లుంటేనే వాన లెక్క మనవైపు."

"అబ్బో! లెక్కలు ఎప్పుడు నేర్చుకున్నాడట?"

"విన్నారుగా ఇద్దరూ," అంది ఓల్వెన్. "నన్ను నా శాండ్‌విచ్ తిననివ్వండి."

లెక్క దగ్గరే వచ్చింది గొడవంతా. చాలా ఏళ్ళ కిందట వన్డే కప్పులో ఇలాగే మబ్బు కమ్మింది. ఆ క్షణాన వాన వచ్చి ఆట ఆగితే ఎన్ని పరుగులు ఉండాలో స్కోరుబోర్డు మీద పెట్టారు. కౌంటీ స్కోరు సరిగ్గా అంతే ఉంది. వాల్టర్ లేచి నిలబడి, "సరిపోయింది, ఇక ఆపి ఆడు!" అని అరిచాడు. కౌంటీ ఆటకి వచ్చే జనం వేళ్ళ మీద లెక్కపెట్టేంత. అరుపు నడిమైదానం దాకా వెళ్ళింది. కుర్ర బ్యాట్స్‌మన్ పరుగుకి పోకుండా బంతిని కాళ్ళ దగ్గరే చంపేశాడు. వెంటనే వాన. ఆ అంకె గెలుపుకి కాదు, టైకి. గెలవడానికి ఇంకొక్కటి కావాలి. ఆ ఒక్క పరుగు లేక కౌంటీ కప్పు నుంచి బయటపడింది. నెవిల్ అన్నతో మాట్లాడటం మానేశాడు.

నెవిల్ తినడానికి మాంసం కూరిన 'పై' కొనుక్కురావడానికి వెళ్ళినప్పుడు వాల్టర్ ముందుకి వంగాడు.

"ఓల్వెన్, సోమవారం నాకు గుండె ఆపరేషన్. నేను వెళ్ళట్లేదు."

"అదేమయ్యా?"

"బతికొస్తానో లేదో డాక్టరే చెప్పలేకపోతున్నాడు. వచ్చి మాత్రం ఏం చెయ్యను? ఇంట్లో ఎవరున్నారని?"

"తమ్ముడితో చెప్పావా?"

"నీ మీదుగా చెప్పే మాట కాదుగా అది."

నెవిల్ తెచ్చుకున్న 'పై' సగం తినేసరికి వాన దిగింది. పిచ్ మీద కవర్లు పరిచారు. అంపైర్లు గొడుగులేసుకుని రెండుసార్లు వచ్చి, బూటుతో గడ్డి నొక్కి చూసి, చివరికి చేతులు కలుపుకున్నారు. ఆట రద్దు. జనం సంచులు సర్దుకుంటున్నారు.

ఓల్వెన్ గొడుగు దులపలేదు. సంచీ అడుగు నుంచి ముడేసిన చేతిరుమాలు తీసి నెవిల్ చేతిలో పెట్టింది.

"ఏంటిది?"

"ఆ కప్పు ఆట రోజు పోయిన ఓవర్లు. ఇన్నాళ్ళూ విడిగా దాచాను. మీ అన్నకి సోమవారం గుండె కోస్తారు, వెళ్ళనంటున్నాడు. నేను టీకి పోతున్నా."

"ఫ్లాస్కు నిండా టీ ఉందిగా!"

"ఇది బాలేదు," అని వెళ్ళిపోయింది.

బెంచీ మధ్య ఖాళీ మిగిలింది. నెవిల్ ఆ ముడిని వేళ్ళతో తడిమాడు. ఆ రోజు ఈ ఓవర్లు పడుంటే కౌంటీ గెలిచేదే. తన చేతిలో ఉన్నాయి. తన కోపమంత వెచ్చగా ఉన్నాయి. లేచి, ఓల్వెన్ చోటులోకి జరిగి కూర్చున్నాడు.

"ఒక్క పరుగు తియ్యమని అరిస్తే నీ సొమ్మేం పోయేది అన్నయ్యా?"

వాల్టర్ కవర్ల వైపే చూస్తున్నాడు. "సమానమైతే చాలనుకున్నానురా."

"సమానమైతే టై."

"ఇప్పుడు తెలిసిందిలే."

"ఇప్పుడా!"

వాల్టర్ నవ్వాడు, నవ్వుతూ రొమ్ము పట్టుకున్నాడు. నెవిల్ రుమాలు తీసి అతని కోటు జేబులో కుక్కాడు. "ఇవి దగ్గరుంచుకో. సోమవారం ఏ బస్సు?"

"పొద్దుటిది."

"నేనూ వస్తున్నా. వెనక సీట్లో మాత్రం కూర్చోను."

మళ్ళీ సీజన్ మొదలయ్యేసరికి వాల్టర్ చిక్కి సగమయ్యాడు గానీ, బెంచీ మీద ఉన్నాడు. కత్తి కింద ఉండగా అతని గుండె ఆగిందట. అంతసేపు ఆగిన గుండె తిరిగి కొట్టుకోదు. కానీ ఆ సేపంతా గదిలో గడియారం కూడా కదల్లేదట. వాల్టర్ గుప్పిట విప్పబోతే నర్సు వల్ల కాలేదు. తర్వాత అదే విచ్చుకుంది. లోపల ఖాళీ రుమాలు, కోసిన గడ్డి వాసన. డాక్టరు కౌంటీ క్లబ్బు సభ్యుడే. "ఎన్ని వాడావు?" అని మాత్రం అడిగాడట.

"అన్నీ," అన్నాడట వాల్టర్.

ఇప్పుడు అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన, ఓల్వెన్ చివర. సముద్రం మీంచి మబ్బు వస్తోంది. బోర్డు మీది అంకే, మనవాళ్ళ స్కోరూ ఒకటే.

"సమానం," అన్నాడు నెవిల్ మెల్లగా.

మొదటి చినుకు పడింది. వాల్టర్ ఓల్వెన్ భుజం ఆసరాగా లేచాడు. రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, డాక్టరు వద్దన్నంత గట్టిగా అరిచాడు:

"ఇంకొక్కటి కావాలిరా! పరుగెత్తు!"