చిట్టి లేచేదాకా

ఆవిడ బస్సు డిపోలో టైమ్‌టేబుళ్ళు వేస్తుంది. ఏ బస్సు ఎన్నింటికి కదలాలి, ఏ డ్రైవరు ఎక్కడ ఆగి టీ తాగాలి, ఎన్ని నిమిషాల్లో తాగాలి, అన్నీ ఆవిడ చేతిరాతే. పన్నెండేళ్ళ నుంచీ అదే పని. అందుకని నాలుగు రోజుల ఓడ విహారానికి వచ్చినా చేయి ఊరుకోలేదు. దిగే రోజు పొద్దున్నకి ఒక పట్టిక వేసి గది అద్దానికి అంటించింది.

ఐదున్నరకి తను లేవాలి. ఐదూ నలభైకి ఆయన్ని లేపాలి. ఐదూ యాభైకి ఆయన్ని మళ్ళీ లేపాలి. ఆరుంపావుకి పెద్దదాన్ని, ఆరూముప్పావుకి చిట్టిని. ఏడింటికి పాలు, రొట్టె, గుడ్డు. ఏడూ ఇరవైకి అవసరం ఉన్నా లేకపోయినా అందరూ బాత్రూముకి. ఏడూ యాభైకి దిగే వరుసలో తమ వంకాయ రంగు చీటీ వాళ్ళని పిలుస్తారు, అప్పుడు దిగడం. పదింపావుకి రైలు. రెండింటికి డిపోలో డ్యూటీ.

పట్టికలో లేనిది ఒక్కటే జరిగింది. పెద్ద పెట్టెలు ముందురోజు సాయంత్రమే తలుపు బయట పెట్టాలి, ఓడ వాళ్ళు పట్టుకుపోయి తెల్లారాక రేవులో అప్పజెపుతారు. సర్దిన మహానుభావుడు ఆయన. పొద్దున చూస్తే పిల్లల చెప్పులూ బట్టలూ అన్నీ ఆ పెట్టెలతోనే వెళ్ళిపోయాయి.

"అన్నీ సర్దమన్నావుగా," అన్నాడాయన.

"అన్నీ అంటే పిల్లల ఒంటిమీదవి తప్ప అన్నీ అని ఎవరైనా విడమరిచి చెబుతారా?"

పెద్దదానికి ఆరేళ్ళు. నాన్న చొక్కా తొడిగి మధ్యలో బెల్టు బిగించేసరికి తనే ఓడ కెప్టెనయినట్టు మురిసిపోయింది. "చెప్పుల్లేకుండా దిగితే కెప్టెన్ని ఏమీ అనరు కదమ్మా?"

రెండున్నరేళ్ళ చిట్టి మాత్రం అడ్డంగా పడుకుని, పిడికిలి నోటి దగ్గర పెట్టుకుని, లోకం సంగతి నాకెందుకన్నట్టు నిద్రపోతోంది. కిటికీలోంచి రేవు కనిపిస్తోంది, బారెడు దూరంలో. రేవు మనుషులు తాళ్ళు పట్టుకుని నిలబడ్డారు. ఓడ ఆగి ఉంది.

ఆగక ఏం చేస్తుంది? ఓడలో ఐదేళ్ళలోపు బిడ్డ ఒక్కరు నిద్రలో ఉన్నా అది రేవుకి ఆనదు. సముద్రానికి ఆటూ పోటూ ఎలాగో, ఓడలకి ఇది అలాగ. ఇంజన్లు ఎంత మొత్తుకున్నా, తాళ్ళు ఎంత లాగినా ఆ బారెడు నీళ్ళు తరగవు. నిచ్చెన వేయడానికి వీల్లేదు, ఓడ ఆనాకే నిచ్చెన. అందుకే ప్రతి గది తలుపు వెనకా ఒక కాగితం అంటించి ఉంటుంది: "దిగు దినమున ఆరూముప్పావుకల్లా పిల్లలను లేపవలెను. లేపు హక్కు తల్లిదండ్రులకు, వెంట వచ్చిన పెద్దలకు మాత్రమే కలదు." ఆ రెండో వాక్యం తర్వాత చేర్చారు. ఎవడో ఉద్యోగి తొందరపడి ఒక బిడ్డని గిల్లితే, ఆ తల్లి కోర్టుకెక్కింది మరి.

ఆరున్నరకి తలుపు తట్టి తువ్వాళ్ళక్క వచ్చింది. ఆమె పేరు అది కాదు. రోజూ గది శుభ్రం చేసి, తెల్లటి తువ్వాళ్ళని మడిచి కుందేలో కొంగో చేసి మంచం మీద కూర్చోబెట్టి పోతుంది కాబట్టి పిల్లలు పెట్టిన పేరు. ఇరవై ఆరేళ్ళుంటాయి. పదహారు గదులు ఆమెవి. పొద్దున పాత వాళ్ళు దిగుతారు, మధ్యాహ్నం కొత్తవాళ్ళు ఎక్కుతారు. ఆ మధ్యలో పదహారు మంచాలు, పదహారు బాత్రూములు, పదహారు కుటుంబాల తలవెంట్రుకలు. విహారం అనే మాట వెనక ఎవరి నడుము ఉంటుందో ప్రకటనల్లో వేయరు.

"పాలు తెచ్చాను మేడమ్. చిన్నమ్మాయి లేవగానే తాగిస్తారని," అంటూ ఫ్లాస్కు బల్ల మీద పెట్టింది.

తలుపు ఓరగా ఉంది. వరండాలోంచి సూపర్‌వైజరు గొంతు వినిపించింది. "ఏమ్మా, ఓడ ఆనగానే ఆఫీసుకి రా. సంతకం పెట్టాలి."

తువ్వాళ్ళక్క బయటికి వెళ్ళింది. "ఏం సంతకం సార్? నా ఒప్పందం ఇవాళ పొద్దున పదింటితో అయిపోతోంది కదా. ఇంటికి టికెట్ ఇస్తామన్నారు."

"నీ బదులు రావలసిన మనిషి రాలేదు. ఇంకో నాలుగు నెలలు."

"ఇప్పటికే రెండుసార్లు పొడిగించారు సార్."

"పొడిగించారా? కాదు, నువ్వు ఒప్పుకున్నావు. కాగితంలో అలాగే ఉంటుంది. రేవు అధికారి ఎనిమిదింటికల్లా ఓడెక్కుతాడు. సంతకం ఆయన ముందు పెడితేనే చెల్లుతుంది. పెట్టేయ్, నీకూ నాకూ గొడవ ఉండదు." అతని బూట్ల చప్పుడు దూరమైంది.

తువ్వాళ్ళక్క మళ్ళీ లోపలికి వచ్చి చెత్తబుట్ట తీసుకుంది. ముఖం తుడిచిన పలకలా ఉంది.

"పెట్టననొచ్చుగా," అంది ఆవిడ.

"పెట్టనంటే పేరు ఎర్ర సిరాలో రాస్తారు మేడమ్. ఇంకే ఓడా ఎక్కనివ్వదు. పదింటిలోపు వాళ్ళే సంతకం తీసుకోలేకపోతే మాత్రం గడువు దానంతటదే తీరిపోతుంది. అప్పుడు చచ్చినట్టు టికెట్ ఇవ్వాలి." కొంచెం నవ్వింది. "వాళ్ళు తీసుకోలేకపోవడం ఎక్కడ జరుగుతుంది లెండి."

"ఇంట్లో ఎవరున్నారు?"

"అమ్మ. మా పాప. నేను వచ్చేటప్పుడు పాకేది. ఇప్పుడు మెట్లెక్కుతోందట. ఫోనులో నన్ను చూపిస్తే, ‘ఫోను’ అంటుందట. నా పేరు అదే అనుకుంటోంది."

చెత్తబుట్ట పట్టుకుని వెళ్ళిపోయింది. ఏమీ అడగలేదు. అడగడం ఆమె ఉద్యోగంలో లేదు.

ఆవిడ గడియారం చూసింది. ఆరూ నలభై నాలుగు. చిట్టి భుజం మీద చేయి వేయబోయి ఆగింది. కిటికీ తెర లాగింది. దుప్పటి చిట్టి మెడదాకా కప్పి, పక్కన ఒరిగి, వీపు మీద మెల్లగా జో కొట్టడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావ్? ముప్పావయింది," అన్నాడాయన.

"ష్."

"పట్టిక..."

"పట్టిక నేను వేసిందే. నేనే చింపుతాను." లోగొంతుతో సంగతి చెప్పింది.

ఆయన మంచం అంచున కూలబడ్డాడు. "మూడు గంటలా? ఓడలో రెండు వేల మంది ఉన్నారు. రైలు పోతుంది. నీ డ్యూటీ..."

"కాలేజీలో గోడలన్నీ నినాదాలతో నింపేవాడివి. శ్రమ అని, దోపిడీ అని, నాకు స్పెల్లింగులు కూడా దిద్దనిచ్చేవాడివి కాదు. ఇదిగో, ఇప్పుడు మనిషి గోడకి అవతలే ఉంది. సున్నం బకెట్ కూడా అక్కర్లేదు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు."

 ఆయన లేచి తన ఫోను, గడియారం, తలగడ కింద ఉన్న పిల్లల బొమ్మ గిలక, మోగేవన్నీ ఏరి బాత్రూములో పెట్టి తలుపు వేశాడు.

"నేనూ పడుకోనా అమ్మా?" అంది పెద్దది.

"నీకు ఆరేళ్ళు నిండాయే తల్లీ. నీ నిద్ర ఓడకి పట్టదు. కదలకుండా కూర్చో, అదే పెద్ద సాయం."

ఏడున్నరకి సూపర్‌వైజరు వచ్చాడు. చేతిలో జాబితా. "మేడమ్, ఓడలో నలభై ఎనిమిది మంది పిల్లలు. నలభై ఏడుగురు లేచారు."

"మంచి పిల్లలు," అందావిడ గడప దగ్గర నిలబడి.

"మీ పాపని లేపండి."

"రాత్రి సరిగా పడుకోలేదండీ. పాపం అలసిపోయింది."

"అలసిపోతే ఇంటికెళ్ళి పడుకోవచ్చు."

"ఎవరైనా అంతేగా?" అని అతని కళ్ళలోకి చూసింది.

అతను చూపు తిప్పుకుని జాబితా మడిచాడు. అతనూ ఇంటికెళ్ళి ఏడాదయింది. ఆ సంగతి అతని బూట్ల చప్పుడులో తెలియదు.

ఎనిమిదింటికి ఓడ హారన్ కొట్టింది. చిట్టి పక్కకి తిరిగింది. జో కొట్టే చెయ్యి వేగం పెంచింది. ఎనిమిదిన్నరకి వరండా నిండా జనం. పక్క గదిలో మూడేళ్ళ మనవడితో వచ్చిన రిటైరైన హెడ్మాస్టరుగారు అందరికంటే ముందు నిలబడి కర్రతో నేల తట్టాడు.

"ముప్ఫై ఏడేళ్ళ సర్వీసులో బడికి ఒక్క నిమిషం ఆలస్యంగా వెళ్ళలేదమ్మా నేను! ఒక్క పిల్లని లేపలేక ఇంతమందిని నీళ్ళలో నిలబెడతావా?"

ఆవిడ బయటికొచ్చి తలుపు దగ్గరికి వేసింది. "మాస్టారూ, ఒక్క మాట." ఆయన చెవి దగ్గర రెండు నిమిషాలు గుసగుసలాడింది.

ఆయన కళ్ళజోడు తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "అది కంపెనీకీ ఆ పిల్లకీ మధ్య గొడవ. మనమెవరం?" అని విసవిసా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

ఆవిడ చెంపలు మండాయి. ఇన్నేళ్ళు పిల్లలకి నీతిశతకాలు వల్లె వేయించిన మనిషి! లోకం ఇలాగే ఉంటుంది, తాళం మన చేతిలో పెట్టి తలుపు మనది కాదు అంటుంది. కసి దిగమింగుకుని మళ్ళీ చిట్టి పక్కన చేరింది. చేయి తిమ్మిరెక్కితే ఆయన అందుకున్నాడు. ఆయన తిమ్మిరెక్కితే పెద్దది.

తొమ్మిదీ ఇరవైకి చిట్టి తుమ్మింది. కళ్ళు విప్పింది. అమ్మని చూసి, నాన్నని చూసి, "పాలు," అంది.

"పడుకో బంగారం, ఇంకా తెల్లారలేదు."

"తెల్లారింది," అంది చిట్టి. వాదించడానికి ఏమీ లేదు.

కింద ఇంజన్లు గురగురలాడాయి. తాళ్ళు బిగుసుకున్నాయి. ఓడ రేవుకేసి జరగడం అందరి అరికాళ్ళకీ తెలిసింది. వరండాలో చప్పట్లు కొట్టారు. చిట్టికి పాల గ్లాసు అందిస్తూ ఆవిడ ఏడ్చింది. నలభై నిమిషాలు. ఒక్క నలభై నిమిషాలు.

అప్పుడు ఓడ ఆగింది.

జానెడు దూరంలో, నీళ్ళు తళతళమంటుండగా, ఆగిపోయింది. సూపర్‌వైజరు పరుగున వచ్చాడు. ఆవిడ గదిలోకి తొంగి చూశాడు, మూతి చుట్టూ పాల మీసంతో చిట్టి అతన్నే చూసింది. పక్క గది తలుపు బాదాడు.

తలుపు రెండంగుళాలు తెరుచుకుంది. హెడ్మాస్టరుగారి గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది. "మెల్లగా తట్టవయ్యా. ఇప్పుడే కన్నంటుకుంది మనవడికి."

"ఇందాకే కదండీ లేచాడు!"

"ఎక్కాలు చెప్పించాను. పద్దెనిమిదో ఎక్కం దగ్గర నిద్రపోయాడు. నా సర్వీసు మొత్తంలో ఆ ఎక్కం దాటి మెలకువగా ఉన్నవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు."

"లేపండి సార్, దయచేసి."

"లేపు హక్కు ఎవరికి కలదో తలుపు వెనక రాసుంది. చదువుకో." తలుపు మూసుకుంది.

పదీ అయిదుకి ఆ పిల్లవాడు వాడంతట వాడే లేచాడు. ఓడ పూల బుట్ట దింపినంత మెత్తగా రేవుకి ఆనింది. నిచ్చెన వేశారు. పైకెక్కిన రేవు అధికారి కాగితం చూశాడు, గడియారం చూశాడు. "దీని గడువు తీరిపోయింది. ఇక సంతకాలు కుదరవు. ఆమెని పంపించేయండి," అని కలం జేబులో పెట్టుకున్నాడు.

రైలు వెళ్ళిపోయింది. డిపోకి ఫోను చేస్తే, పన్నెండేళ్ళలో మొదటిసారి ఆలస్యం కదా, అక్కడివాళ్ళు ముందు నమ్మలేదు. రేవు బయట మెట్ల మీద నలుగురూ పెట్టెల మధ్య కూర్చుని ఉండగా, మామూలు బట్టల్లో, భుజానికి ఒక్క సంచితో తువ్వాళ్ళక్క వచ్చింది. యూనిఫారం లేకపోతే ఇంకా చిన్నపిల్లలా ఉంది. చేతులు జోడించబోయింది.

"ముందు ఇంటికి ఫోను చేయమ్మా," అంది ఆవిడ.

ఆమె పక్కన కూర్చుని నంబరు నొక్కింది. వాళ్ళది పడమటి సముద్రాల అవతలి దేశం, అక్కడ ఇంకా పొద్దు పొడవలేదు. "అమ్మా, దిగాను... అవునమ్మా, వచ్చేస్తున్నాను... నిజంగానే." అవతల వాళ్ళమ్మ గట్టిగా ఏదో అంటోంది, ఏడుస్తోంది కూడా. పాపని లేపమంటావా, ఇప్పుడే లేపుతా ఉండు అంటోంది.

"వద్దమ్మా," అంది ఆమె. "పడుకోనీ. నేను వచ్చి లేపుకుంటాను."