యాకమ్మ గిర్ని బోర్డు

కాశిబుగ్గలోని తన పిండి గిర్ని తలుపుకు వేలాడదీయడానికి ఒక బోర్డు రాసిపెట్టమని యాకమ్మ నన్ను అడిగింది. భర్త పోయాక తొమ్మిదేళ్లు ఒక్కతే నడిపింది. ఇక భుజం సహకరించడం లేదు. ముప్పై రెండేళ్లు భౌతికశాస్త్రం బోధించిన నాకు మాట కూడా కొలతలాగే కచ్చితంగా ఉండాలనిపిస్తుంది. అట్ట మీద పెన్సిల్‌తో "గిర్ని శాశ్వతంగా మూసివేయడమైనది" అని రాసి చదివి వినిపించాను.

"ఆ మూసుడు మాటొద్దు సారూ," అన్నది.

నిలిపివేశామంటే మళ్లీ నడుస్తుందని జనం ఆశపడతారు. విరమించడం మనుషులు చేసే పని, యంత్రాలది కాదు. ఆపివేశామంటే స్విచ్ ఆపినట్టే ఉంటుంది. ఇవన్నీ వివరించాను. ఓపికగా విని, "బంద్" అని రాస్తే చాలన్నది. అది చూసి రేపు తెరుస్తారనుకొని డబ్బాలు మోసుకొస్తారన్నాను. వస్తే తానే చెప్పుకుంటానన్నది.

మూత అనే మాట అపశకునమని భయపడుతున్నదనుకున్నాను. ఇలాంటి భయాల మీద పాలకుర్తి నుంచి ములుగు దాకా ఉపన్యాసాలిచ్చినవాణ్ని. మాట వల్ల కీడు జరగదని మెల్లగా మొదలుపెట్టాను.

"భయం గాదు సారూ, అబద్ధమైతది," అంటూ మూలనున్న డబ్బా చూపించింది. దాని మీద సుద్దముక్కతో మొగిలమ్మ పేరు. "ఒకరి గింజలు లోపలుండంగ గిర్ని మూసిన అనొద్దు. మా ఆయన ఏనాడూ అనలే."

వెనక వీధి మొగిలమ్మ ఆ జొన్నలు ఇచ్చి వెళ్తూ జారిపడి, తుంటి విరిగి దవాఖానలో ఉంది. ముందే మర పట్టి ఉంచితే జొన్నపిండి చేదెక్కుతుందని యాకమ్మ గింజలను అలాగే ఉంచింది. నా వాక్యానికి ఆధారం లేదని తేలింది. చెరిపేసి "బంద్" అని రాశాను.

పంతొమ్మిది రోజుల తర్వాత మొగిలమ్మ కర్ర పట్టుకొని ఆటో దిగింది.

"దవాఖానోల్లు నన్ను వదిలిండ్రు గని నువ్వు నా జొన్నల్ని వదలకపోతివేందే," అంటూ స్టూలు మీద కూలబడింది. యాకమ్మ నవ్వి జొన్నలు పోసింది. వెచ్చటి పిండి డబ్బా నిండాక స్విచ్ ఆపింది. చక్రం కాసేపు తిరిగి నిలిచింది. ఆమె బెల్టు విప్పి చుట్టగా చుట్టింది.

"ఇగ మూసిన అని రాయుండ్రి సారూ."

బోర్డు దింపి, వెనకవైపు "గిర్ని మూసివేయడమైనది" అని రాసి చదివాను. ఆమె బెల్టు ఒడిలో పెట్టుకొని విన్నది.

"మొదాల ఇంకో మాట ఉండె గద, శాశ్వతంగా అని," అన్నది. "అది గూడ రాయుండ్రి."