వెనక్కి తిప్పని బండి

ఉయ్యూరు దాటాక మలుపులో, బండి వెనక దబ్బుమని చప్పుడైంది.

పోలరాజు కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్లింది. నొక్కలేదు. అద్దంలో ఒక్కసారి చూశాడు. దుమ్ము, దుమ్ములో ఒక చెరకు బండి. అంతే.

గుద్దేశావు. మనిషిని గుద్దేశావు. వెనక్కి తిప్పు.

మాట తన తలలోంచే వస్తోంది. నాలుగేళ్లుగా అంతే. చక్రం గోతిలో పడ్డా, రాయి తగిలినా అదే మాట. తిప్పుకుని వెళ్లి చూస్తే రోడ్డు ఖాళీ. బయల్దేరిన రెండు నిమిషాలకే మళ్లీ మొదలు: పక్కన కాలువలో చూశావా?

వ్యానులో ఇరవై గంపల పండుగొప్ప చేప ఐసులో ఉంది. పదిన్నరకల్లా విజయవాడలో హౌరా రైలెక్కించాలి. ఈ ఏడాది మూడుసార్లు పోలరాజు వెనక్కి తిప్పాడు, మూడుసార్లూ రైలు తప్పింది, ఐసు కరిగి చేప మెత్తబడింది. సరుకు మేనత్త సంపూర్ణమ్మది. పొద్దున్నే చల్లపల్లిలో విజయవాడ బస్సెక్కుతూ ఆవిడ ఆఖరి మాట చెప్పేసింది.

"ఒరేయ్, మా అన్న కొడుకువని ఇన్నాళ్లూ ఊరుకున్నా. ఇవాళ కూడా తప్పిందా, రేపట్నుంచి తాళాలు ఆ రెండో డ్రైవరు జాన్‌బాబుకే. నీకో దణ్ణం, నీ వెనకచూపుకో దణ్ణం."

చుట్టాలంతా గాలి సోకిందన్నారు. భార్య రత్తమ్మ మాత్రం విజయవాడలో సింధూరి అనే డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగిందావిడ. తండ్రి పడవ తాడు ముడి చూసుకోవడానికి సగం దారి నుంచి రేవుకి తిరిగెళ్లేవాడని పోలరాజుకి అప్పుడు గుర్తొచ్చింది.

"కొంత వంశంలోనే వస్తుంది," అందావిడ. "కళ్లకి పైన ఉండే ముందు మెదడు 'ఏదో తప్పు జరిగింది' అని కబురు పంపుతుంది. లోపల ఇంకో భాగం 'చూశాం, ఏం లేదు' అని దాన్ని ఆపాలి. మీకు ఆ ఆపే పని సరిగ్గా జరగట్లేదు. కబురు తిరుగుతూనే ఉంటుంది. హారను బటను ఇరుక్కుపోయిన బండిలాగ."

"ఆ బటనేదో ఊడదీసెయ్యండమ్మా!"

ఆవిడ నవ్వింది. "సెరొటోనిన్ అని మెదడులో ఒక రసాయనం ఉంటుంది. దాని మీద పనిచేసే మాత్ర ఇస్తాను. రెండు మూడు నెలలు పడుతుంది. మిగతా సగం పని మీది. హారను మోగినా వెనక్కి తిప్పకూడదు. ఎవర్నీ అడక్కూడదు. భయం పెరుగుతుంది, పెరిగి దానంతటదే దిగుతుంది. ఆ పసుపు కూడా మానెయ్యాలి."

పసుపు సంగతి రత్తమ్మకి కూడా అప్పుడే తెలిసింది. రోజూ బంపరుకి తడి పసుపు దట్టంగా పూస్తుంటే, ఎంత భక్తో అని ఊరంతా మెచ్చుకునేది. పోలరాజు పూసింది అమ్మవారి కోసం కాదు. ఎవరికి తగిలినా పసుపు చెదురుతుందని. ఆగిన ప్రతి చోటా దిగి చూసుకునేవాడు.

మాత్రలు మొదలై ఏడు వారాలు. ఇవాళ బంపరు బోసిగా ఉంది. వెనక తలుపు గడియ కూడా పదిసార్లు కాదు, ఒక్కసారే చూశాడు.

చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఒక కిలోమీటరు. రెండు. తిప్పు, ఇంకా బతికే ఉంటాడు, తిప్పు! పోలరాజు పళ్లు బిగించి గేరు మార్చాడు.

కంకిపాడు ఇంకా రాకముందే, గేదెలు అడ్డొచ్చి బండి నెమ్మదించేసరికి వెనక నుంచి ఒకటే హారను. ఈసారి తలలో కాదు. మోపెడ్ మీద ఒకతను చెయ్యూపుతూ తరుముకొస్తున్నాడు. "ఆపు! ఆపవయ్యా!"

అయిపోయింది. నిజంగానే గుద్దాడు. బండి పక్కకి తీసి దిగాడు.

"చెవుడా ఏంటయ్యా?" రోజూ ఆ దారిలో ఎదురయ్యే పాల జీవరత్నం రొప్పుతున్నాడు. "ఉయ్యూరు మలుపు కాడ నీ తలుపు తెరుచుకుని గంప పడింది. అక్కడ కుక్కలకి పెళ్లి భోజనం! నేను వాటిని తోలి గంప చెట్టు కింద పెట్టి వచ్చాను. పోయి తెచ్చుకో."

గడియ పిన్ను అరిగిపోయి వేలాడుతోంది.

మనిషెవరూ పడిలేరు కదా? ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే ఇతను లేదంటాడు. ఆ 'లేదు' రెండు నిమిషాలు కూడా నిలవదు. పోలరాజు దాన్ని మింగేశాడు.

వెనక్కి తిప్పడానికి ఇంత న్యాయమైన కారణం జన్మలో దొరకలేదు. ఎవరూ తప్పు పట్టరు. గంప కోసం వెళ్తాడు, గంప ఎక్కిస్తాడు. ఆ తర్వాత కాలువ గట్టు చూస్తాడు, చెరకు తోట చూస్తాడు, మళ్లీ కాలువ చూస్తాడు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

తలుపుకి తాడు బిగించి కట్టాడు. ఒక్క ముడి. రెండోసారి లాగి చూడలేదు.

"ఆ గంప నువ్వే తీసుకో అన్నా."

"వేలు పలికే పండుగొప్పయ్యా బాబూ! మతుండే మాట్లాడుతున్నావా?"

"నువ్వే తీసుకో," అంటూ పోలరాజు బండెక్కేశాడు.

పది దాటిన పావుగంటకి స్టేషన్లో గంపలు దించుతుంటే సంపూర్ణమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "పంతొమ్మిదే ఉన్నాయేరా?"

జరిగింది చెప్పాడు.

"ఓరి నీ దుంపతెగ! చూసిరమ్మని ఎవరూ చెప్పనప్పుడు నాలుగుసార్లు పోతావ్. సరుకు పడితే మాత్రం పోవా? పావుగంట పని!"

"పావుగంటలో తిరిగి రాలేనత్తా. వెళ్తే అక్కడే ఉండిపోతాను."

ఆవిడ బండి ముందుకొచ్చి బోసి బంపరు చూసింది. దాని మీద దుమ్ము తప్ప ఏమీ లేదు. ప్లాట్‌ఫారం మీద రైలు కూత వేసింది. ఆఖరి గంప లోపలికి వెళ్లిపోయింది.

తలలో హారను ఇంకా మోగుతూనే ఉంది. కాస్త దూరం నుంచి.

"నిలబడ్డావేరా?" అంది సంపూర్ణమ్మ. "ఆటోనగర్ పోయి ఆ గడియకి కొత్త పిన్ను వేయించు. రేపు ఏడింటికల్లా లోడు."