కట్టు కింద కుడి చెవి

సెలూన్ నడిపేవాడికి అద్దం నుంచి తప్పించుకునే దారి లేదు. కుర్చీలో కూర్చున్నవాడి జుట్టు కత్తిరిస్తున్నంతసేపూ, ఆ తలకు పైన తన తల, దానికి అటూ ఇటూ విచ్చుకున్న చెవులు అతనికి కనిపిస్తూనే ఉండేవి. చిన్నప్పుడు 'చేటచెవులోడు' అనేవారు. పెద్దయ్యాక ఎవరూ అనకపోయినా ఆ మాట చెవుల్లోంచి పోలేదు.

యాభై దాటాక, వాటిని సరిచేయించుకుంటానని కూతురితో అన్నాడు.

"ఈ వయసులో నీ చెవులు ఎవరు చూడొచ్చారు నాన్నా? లేనిపోనిది నెత్తికి తెచ్చుకోకు," అంది కూతురు. ఆస్పత్రికి తోడైతే వచ్చింది గానీ, దారంతా మూతి ముడుచుకునే ఉంది.

చెవుల వెనక చర్మం తెరిచి, లోపలి మెత్తటి ఎముకను వెనక్కి మడిచి కుట్లు వేశారు. తల చుట్టూ కట్టు కట్టి ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఒక్కటే చెప్పింది: "రెండు పక్కలా నొప్పి ఉంటే భయం లేదు. ఒక్క పక్కే ఎక్కువైతే వెంటనే రండి."

మర్నాడు మధ్యాహ్నం కుడి చెవి సలపడం మొదలైంది. ఆ పక్కకు ఒత్తిగిలి ఉంటానులే అని సర్దిచెప్పుకున్నాడు. మాత్ర వేసుకున్నాడు. తగ్గలేదు. కట్టు కింద ఎవరో నిప్పు పెట్టి ఊదుతున్నట్టుంది. చెవి కుళ్లిపోతే? తీసేస్తే? కళ్లజోడు దేనికి తగిలించుకోవాలి? నవ్వబోయాడు, దవడ కదిపేసరికి ప్రాణం విలవిల్లాడింది.

"ఎలా ఉంది?" అంది కూతురు, వంటింట్లోంచి.

"బానే ఉంది."

నోరు తెరిస్తే 'నే చెప్పలేదా' అంటుందని అతని భయం. ఆ మాట ఆమె నాలుక చివరే ఉందని అతనికి గట్టి నమ్మకం.

పాలల్లో నానిన బ్రెడ్డును కూడా ఎడమ పక్కనే నములుతుంటే ఆమె చూసింది. గ్లాసు కింద పెట్టింది.

"నొప్పి ఏ పక్క నాన్నా?"

అతను తలొంచుకుని కుడి పక్క చూపించాడు. మాట పడుతుందని కాచుకున్నాడు. తలెత్తేసరికి ఆమె స్కూటర్ తాళాలు వెతుకుతోంది.

ఆస్పత్రిలో కట్టు విప్పితే చెవి వంకాయ రంగులో ఉబ్బి ఉంది. లోపల నెత్తురు గడ్డకట్టిందంది డాక్టరమ్మ. రక్తం చూస్తే మొహం తిప్పుకునే కూతురు, గడ్డ తీసేస్తున్నంతసేపూ అతని చెయ్యి పట్టుకుని అటే చూస్తూ నిలబడింది.

"చెవి పోతుందా?" అన్నాడు.

"ఇప్పుడే వచ్చారు కాబట్టి పోదు. రేపటిదాకా ఓర్చుకుని ఉంటే నేనేం చెప్పలేకపోయేదాన్ని."

వరండాలోకి వచ్చాక కూతురు అడిగింది. "మధ్యాహ్నం నుంచీ ఎందుకు దాచావు?"

"తిడతావని."

"తిట్టేదాన్నే. తిడుతూనే తీసుకొచ్చేదాన్ని."

కుట్లు ఊడదీశాక చెవులు రెండూ తలకు దగ్గరగా ఒదిగాయి. కుడిది మాత్రం కాస్త దళసరిగా మిగిలింది. అతనికి అదేం పట్టలేదు గానీ భయం ఓ పట్టాన వదల్లేదు. సెలూన్ తెరిచాక, కత్తెర ఎవరి చెవి దగ్గరికి వెళ్లినా చెయ్యి దానంతటదే నెమ్మదించేది. బయట బెంచీ మీద జనం పేరుకునేవారు.

"ఏంటండీ, ఇంతసేపా?" అని ఒకాయన విసుక్కున్నాడు.

"కదలకండి," అన్నాడు అతను, ఆయన చెవిని రెండు వేళ్లతో మెల్లగా మడిచి పట్టుకుని.